నీళ్ళు జారని ఆకు

మా ఇంట్లో ఫోనుకి నేనే పట్టుబట్టి పొడుగాటి తీగ వేయించాను. అటు వంటింట్లో పొయ్యి దాకా వస్తుంది, ఇటు పెరటి గుమ్మం దాకా వస్తుంది. ముసల్దాని చేతికి ఫోను అతుక్కుపోయిందని మనవలు నవ్వుతారు. నవ్వుకోనీ. ఈ ఫిజీ దేశంలో, సువా ఊళ్ళో, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగినా తెలుగు ముక్క వచ్చినవాడు ఒక్కడు దొరకడు. దీవికి ఆ కొసన లోవులో ఉన్న మా తమ్ముడితో ఫోన్లో పోట్లాడుకోవడానికి తప్ప ఈ భాష నాకు ఇంకెందుకు పనికొస్తుంది?

మొన్న పొద్దున్నే వాడే చేశాడు.

"అక్కా, నీ కంపౌండ్‌లో కేలా పత్తా ఉంది గదా?"

"ఉంటే?"

"సండే మునిమనవడికి అన్నప్రాశన. ఇక్కడ గాలివానకి అరటి మొత్తం ఖలాస్. మంచి ఆకులు కోసి పెట్టు, కుర్రాణ్ణి బస్‌లో పంపిస్తా."

"చూస్తానుండు" అని రిసీవరు చెవికి ఆనించుకునే పెరటి తలుపు తీశాను.

ఛీ!

కొన్నాళ్ళుగా ఒకటే ముసురు, నేను పెరట్లోకి పోలేదు. ఈలోపల ఆకుల నిండా మచ్చలు. గోధుమరంగు అంచు, నడుమ బూడిద, చుట్టూ చీములాంటి పసుపు. కింది ఆకులైతే ఎండి, మొదలు చుట్టూ తడిసిన గోనెల్లా వేలాడుతున్నాయి.

"మచ్చలొచ్చాయిరా. పనికిరావు."

"అయ్యో! మచ్చ ఆకులో పిల్లాడికెలా పెడతాం అక్కా, అశుభం గదా. అయితే లే, మంచి ఆకు దొరికేదాకా ఆపేద్దాం. జల్దీ ఏముంది?"

నా ఒళ్ళు మండిపోయింది.

"ఆపుతావా? ఆకు కోసం ఆపుతావా? నువ్వా? పెట్టెయ్ ఫోను!"

వాడు పెట్టేలోగా నేనే పెట్టేశాను.

నాకు కోపం ఎందుకొచ్చిందో వాడికి తెలియదు. ఎలా తెలుస్తుంది, అప్పుడు వాడు చంకలో పిల్లాడు. నాకు మాత్రం ఆ ఆకుల కంపు నిన్న మొన్నటిలా ఉంది.

నేను మద్రాసులో పుట్టాను. అమ్మమ్మ ఇల్లు ట్రాములు తిరిగే రోడ్డు మీద ఉండేది. రోజూ పొద్దున్న ఆకులవాడు బండి తోసుకొచ్చేవాడు. అరిటాకులు ఆ బండి మీదే పుడతాయనుకునేదాన్ని. అరటిచెట్టుని నేను మొదటిసారి చూసింది ఫిజీలోనే. మా నాన్న గిర్మిట్ అనే కూలి ఒప్పందంలో వేలిముద్ర వేసి, మమ్మల్ని ఓడ ఎక్కించి, ఈ దేశానికి తెచ్చాక.

మమ్మల్ని తోలుకొచ్చిన చోటు నవువా. చెరకు తోటల మధ్య లైన్లు. లైన్లంటే ఒక పొడుగాటి రేకుల కొట్టం, దాన్ని చెక్కలు కొట్టి గదులుగా విడగొట్టారు. చెక్కలు కప్పు దాకా ఉండవు. ఒక గదిలో దగ్గితే చివరి గదిలో పసిపిల్ల లేచి ఏడ్చేది. ఒక గదిలో ఎండుచేప కాలిస్తే అందరం తిన్నట్టే. మొగుడూ పెళ్ళాల తిట్లు, గురకలు, అపానవాయువులు, అన్నీ అందరివీ. గదిలోనే వంట, గదిలోనే పడక, గుమ్మం ముందే మురిక్కాలవ. పొగ, ఉచ్చ, తడి గోనె, మిల్లు నుంచి వచ్చే పులిసిన పాకం, అన్నీ కలిపి ముక్కు మీద కూర్చునేవి. వచ్చిన కొత్తలో నేను ముక్కు మూసుకునే తిరిగేదాన్ని. దాంతో నాకు "మద్రాసు దొరసాని" అని పేరు పెట్టారు.

అన్నిటికన్నా నాకు అసహ్యం రేకు పళ్ళేలు. ఓడలో ఇచ్చినవే. అంచుల వెంట తుప్పు, అన్నంలో తుప్పు రంగు దిగేది. ఎంత తోమినా ఓడ కంపు పోలేదు. ఆ పళ్ళెం ముందు పెడితే నేను గిన్నె తోసేసేదాన్ని. అమ్మ నెత్తి మీద ఒకటి మొట్టేది. నేను మళ్ళీ తోసేసేదాన్ని.

నన్ను ఆదుకుంది పక్క గది పెద్దమ్మ. మాకు చుట్టం కాదు. అదే ఓడలో వచ్చింది, విశాఖపట్నం వైపు మనిషి. ఓడలోనే మొగుడు పోయాడు. వచ్చాక బోదకాలు వచ్చింది. చెరకులో పని చెయ్యలేదు కాబట్టి పనికెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకోమని లైన్లలో కూర్చోబెట్టారు. కొట్టం వెనక కాలవ ఒడ్డున ఆవిడ ఒక అరటితోపు పెంచింది. ఏటి అవతల కోరోలో, అంటే ఈ దేశం వాళ్ళ పల్లెలో, ఉండే ఒక కాయ్‌వీతి ఆవిడకి తన పెళ్ళిచీరలోంచి ఒక ముక్క చింపి ఇచ్చి పిలకలు తెచ్చుకుందట. ఆ చెట్లంటే ఆవిడకి పిల్లలకన్నా ఎక్కువ.

ఆదివారం ఆదివారం పెద్దమ్మ ఇంటికొక ఆకు కోసి ఇచ్చేది. ఆ ఒక్కపూట నేను నోరెత్తకుండా తినేదాన్ని. చేమాకుల పులుసు, ఎండురొయ్యల పొడి, ఆవాలు ఎండుమిరపకాయలు వేసి తాళింపు పెట్టిన పప్పు. ఆకు కొస ఎడమ చేతి వైపుకి రావాలి, వడ్డించే ముందు నీళ్ళు చిలకరించి తుడవాలి. ఆ నీళ్ళే నా ఆట. మంచి ఆకు మీద నీళ్ళు నిలవవు. చుక్క చుక్కా గోలీ అయిపోయి, ఈనెల మధ్య గాడిలో దొర్లుకుంటూ కొస దాకా పోయి కిందికి దూకేది. ఆకు మళ్ళీ పొడిగా, నున్నగా, ఏమీ జరగనట్టు. నేను వాటికి ట్రాములని పేరు పెట్టాను. "టింగ్ టింగ్, తప్పుకోండి, ట్రామొస్తోంది" అని అరుస్తూ లైన్ల పిల్లలందరితో పందెం పెట్టేదాన్ని. ఆ దేశంలో మురికి అంటనిది నాకు కనబడింది ఆ ఆకు ఒక్కటే.

నాకూ తమ్ముడికీ మధ్య ఇంకొకడుండేవాడు. లైన్లలో పుట్టి, లైన్లలోనే పోయాడు. విరేచనాలు. పిల్లలు అలా పోతూనే ఉండేవారు, తోట అంచున చిన్న చిన్న దిబ్బలు ఉండేవి. వాడికి మొదటి ముద్ద రేకు పళ్ళెంలోనే పెట్టారు, ఏ తంతూ లేకుండా. వాడు పోయిన రోజు ఓదార్చడానికొచ్చిన పెద్దమ్మ ఒక మాట అంది. "రేకులో ఎడితే ఏటవుద్ది మరి? ఆకులో ఎట్టాల మొదటి కూడు."

ఆ మాట అమ్మలో మేకులా దిగిపోయింది. తమ్ముడు పుట్టిన రోజే చెప్పేసింది. వీడి మొదటి ముద్ద ఆకులోనే. చిల్లు లేని ఆకు, చిరుగు లేని ఆకు, మచ్చ లేని ఆకు. అప్పటిదాకా మెతుకు ముట్టేది లేదు.

వాడికి కూర్చోడం వచ్చింది, కింద రెండు పళ్ళొచ్చాయి. అమ్మ చీకటితోనే చెరకులోకి పోయి పొద్దుగూకి వచ్చేది. పాలు తగ్గిపోయాయి. ఇక అన్నం పెట్టాలి, వచ్చే ఆదివారం పెడదాం అనుకున్నారు. ఆ వారమే నా ట్రాము ఆగిపోయింది.

నిజంగా ఆగిపోయింది. ముసురులో తోపులోకి పోయి ఆకు మీద నీళ్ళు వదిలాను. చుక్క కొంచెం దొర్లి, ఒకచోట అంటుకుపోయింది. ఊదాను, కదల్లేదు. వేలితో తోశాను, సాగి మరకలా పరుచుకుంది. వంగి చూస్తే అక్కడ ఈనెల వెంట సన్నటి గీతలు, గోటితో గీకినట్టు లేతపసుపు రంగులో. పక్క ఆకు చూశాను. అక్కడ గీతలు ముదిరి తుప్పురంగు తిరిగాయి, రేకు పళ్ళెం అంచులాగే. ఇంకో ఆకు మీద అవే ఉబ్బి గింజలంత మచ్చలయ్యాయి. వేలు పెడితే నున్నదనం పోయి గరుగ్గా తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పరిగెత్తి కాలవలో కడుక్కున్నాను.

"పెద్దమ్మా! నీ ఆకులకి ఏదో వచ్చింది! ఛండాలంగా ఉంది!"

పెద్దమ్మ కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. ఆకు కిందికి వంచి చూసింది. వెంటనే వదిలేసి రెండు చేతులూ జోడించింది.

"ఒలమ్మో, తల్లీ! ముట్టుకోకే గుంటా! అమ్మోరు పోసినాది."

"చెట్టుకి అమ్మవారేంటి?"

"ఏటి, నీకూ నాకూ పోస్తే పోసినట్టా? సెట్టుది పేణం కాదేటి?"

"నాకు పొయ్యదు. మద్రాసులో సూది పొడిచారు. ఇదిగో మచ్చ" అని భుజం చూపించాను.

"సూడండర్రా, దొరసాని మచ్చ! అయితే ఆ సూదోణ్ణి ఓడెక్కించి తేవే, నా సెట్లకీ పొడిపిద్దాం" అంది పెద్దమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడిపడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నాకు కోపమొస్తే ముందు వచ్చేది ఏడుపే.

ఆ రోజు నుంచి లైన్లలో అమ్మవారి నియమాలు మొదలయ్యాయి. తలకి నూనె రాయకూడదు. ఆకు కొయ్యకూడదు, ఎండిన ఆకైనా లాగకూడదు. అమ్మవారి ఒంటి మీద కత్తి పెడతామా? తాళింపు వెయ్యకూడదు. ఆవాలు చిటపటమంటే, మిరపకాయ ఘాటు తగిలితే అమ్మవారికి కోపం. పొద్దున్నా సాయంత్రం పెద్దమ్మ పసుపునీళ్ళ ముంతతో తోపులోకి పోయేది. వేపచెట్టు మా దగ్గర లేదు, నిమ్మకొమ్మ ముంచి చిలకరించేది. మచ్చ చెట్టు మీద కొట్టి, అదే కొమ్మ మళ్ళీ ముంతలో ముంచి, మంచి చెట్టు మీద కొట్టేది.

మగవాళ్ళు ఊరుకుంటారా! పొద్దంతా చెరకు నరికి వస్తే ఉడకేసిన పప్పు, ఉప్పు.

"ఇది కూడేనా, ఆస్పత్రి గంజా?" అని మా నాన్న పళ్ళెం గిర్రున తిప్పేవాడు.

"ఏం చెప్పను బావా" అనేవాడు చివరి గది ఆయన, నెల్లూరి వైపు మనిషి, నవ్వితే కొట్టం కదిలేది. "పోసిందేమో అరటికి, పథ్యమేమో నాకు!"

కూలీల మీద పెట్టిన సర్దారు హిందీవాడు. పొద్దున్న పనికి లేపడానికొచ్చి, పసుపు పూసిన బోదెలు చూసి, "అరే, కేరా కే భీ మాతా నిక్‌లా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. అరటిచెట్టుకి కూడా అమ్మవారేనా అని. పెద్దమ్మ వాడి వీపు మీద కూడా రెండు చుక్కలు చిలకరించింది.

ఎన్ని నీళ్ళు చల్లితే అన్ని మచ్చలు. మచ్చలు ఒకదాన్నొకటి అందుకుని, కలిసి, ఆకు సగం కాలిపోయినట్టు అయ్యేది. మచ్చ నడిమిభాగం పలచబడి, బూడిదరంగు పొరలా అయ్యేది. వెలుగుకి పెడితే అవతలి మనిషి కనబడేవాడు. ముసురు పట్టిన రోజున ఆ పొర మీద నూగులాంటిది పట్టేది. కింద వేలాడే ఆకుల్లో నీళ్ళు నిలిచి, దోమలు, నత్తలు, కుళ్ళిన బీరపొట్టు కంపు. ఒకప్పుడు ఎంత వాన కురిసినా తడి అంటని ఆకు ఇప్పుడు చిరుజల్లుకే నాని, వేలు పెడితే చిల్లు పడేది. గెలలు కూడా ఊరలేదు. వేలెడేసి కాయలు చెట్టు మీదే పసుపుపచ్చగా మారి, కోస్తే లోపల పీచు. ఆ తోపు పక్క నుంచి పోవాలంటే నాకు ఒళ్ళు జలదరించేది. పెద్దమ్మ మాత్రం రోజూ ఆ ఆకులకి దణ్ణం పెట్టి, రాలిన ముక్క కళ్ళకద్దుకునేది. అది చూస్తే నాకు ఇంకా అసహ్యం.

తమ్ముడు ఆకలికి ఏడ్చేవాడు. గంజినీళ్ళు పట్టమని నేను పోరేదాన్ని.

"గంజి అన్నం కాదేటే?" అనేది పెద్దమ్మ. "మీయమ్మ మొక్కు సెడగొట్టమంటావేటి?"

బెల్లంనీళ్ళు గుడ్డలో ముంచి నోట్లో పెట్టేది. వాడు అది చప్పరించి, ఇంకేమీ రాక, గుడ్డ విసిరేసి పిడికిలి నోట్లో పెట్టుకునేవాడు. చప్పరించి చప్పరించి ఆ పిడికిలి తెల్లగా నానిపోయి ఉండేది. తొడల దగ్గర మడతలన్నీ వదులైపోయాయి. అమ్మకి కనబడలేదా అంటే, కనబడింది. కానీ రేకు పళ్ళెంలో తిన్నవాడు దిబ్బ కింద ఉన్నాడు. ఆ ముద్దకీ ఆ దిబ్బకీ ముడి వేసేసుకుంది. ఎవరు విప్పుతారు?

ఒక ఆదివారం అమ్మ పెద్దమ్మ కాళ్ళు పట్టుకుంది. ఒక్క ఆకు, పైన కొత్తగా విచ్చినది, మచ్చ కనబడనిది, కత్తి పెట్టకుండా చేత్తో తుంచుకుంటానని. పెద్దమ్మ చాలాసేపు తటపటాయించి, అమ్మవారికి చెప్పుకుని, సరే అంది. ఇల్లు అలికారు. తమ్ముడికి కాటుక పెట్టారు. మెత్తగా ఉడికించిన అన్నం, పప్పునీళ్ళు. అందరూ గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ ఆకు పరిచి నీళ్ళు చిలకరించింది.

చుక్కలు దొర్లాయి. దొర్లి, నడుమ ఒకచోట రెండు, కొస దగ్గర ఒకటి, ఆగిపోయాయి.

నేను నోరు మూసుకున్నాను, ఆ రోజు మాత్రం. కానీ అమ్మ చూసింది. ఆకు ఎత్తి వెలుగుకి పెట్టింది. సన్నటి పసుపు గీతలు, అప్పుడే మొదలవుతున్నవి. అమ్మ ఆకు మడిచేసింది. అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది. తమ్ముడు మూత వంక చెయ్యి చాపి ఏడుస్తూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ గిన్నెలో అన్నం సాయంత్రం నేను తినాల్సి వచ్చింది. నాకు దిగలేదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకనుకుంటా. పెద్దవాళ్ళంతా చెరకులో ఉన్నారు. పెద్దమ్మ గుమ్మంలో కునికిపాట్లు పడుతోంది. నేను కాలవ దగ్గర బట్టలు పిండుతున్నాను. తమ్ముడి ఏడుపు ఆగిపోయింది. వాడి ఏడుపు ఆగిందంటే ఏదో దొరికినట్టే. వెనక్కి తిరిగి చూస్తే, పాక్కుంటూ పోయి తోపు మొదట్లో కూర్చున్నాడు. నోరు ఆడుతోంది. పరిగెత్తాను. నోట్లో ఎండిన మచ్చ ఆకు. నమిలేస్తున్నాడు. వేలు పెట్టి తీశాను. బూడిదరంగు పొరలు, నల్లటి చొంగ, చిగుళ్ళకి అంటుకుని పొట్టు. తీస్తుంటే నా వేలు కూడా చప్పరించాడు. ఇంకా ఏమైనా ఉందేమోనని.

నాకు వాంతి వచ్చింది. కాలవలో కక్కాను. లేచాక ఇక నాకు ఎవరి మాటా గుర్తు లేదు. చూరులో నాన్న పాత కత్తి ఉంది, పిడి విరిగింది. దానికి గుడ్డ చుట్టి తోపులోకి పోయాను.

మచ్చ ఉన్న ప్రతి ఆకూ నరికాను. అందనివి బోదె వంచి నరికాను. నిలిచిన నీళ్ళు మొహం మీద పడ్డాయి, నత్తలు జుట్టులో పడ్డాయి, జిగురు గౌనంతా కారింది. ఆ మరకలు ఆ గౌను చిరిగేదాకా పోలేదు. ఏడుస్తూ, తిడుతూ, ఉమ్మేస్తూ నరికాను. మద్రాసులో ట్రాము తోలేవాళ్ళ దగ్గర నేర్చుకున్న తిట్లన్నీ ఆ రోజు అమ్మవారికి వాడేశాను.

పెద్దమ్మ లేచి వచ్చేసరికి సగం అయిపోయింది.

"ఒలమ్మో! ఒలమ్మో! అమ్మోర్ని నరికేత్తంది! ఒలే, సచ్చిపోతావే గుంటా!"

కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఒక చెట్టుని కావిలించుకుంది.

"తప్పుకో పెద్దమ్మా."

"తప్పుకోను. నన్నూ నరుకు."

"నరకను. కానీ ఆకు నరుకుతాను" అని ఆవిడ తల మీదుగా చెయ్యి పోనిచ్చి ఆ చెట్టువి కూడా నరికాను. ఆకులు ఆవిడ నెత్తి మీదే పడ్డాయి. చెట్టుని వదల్లేదు, ఏడుస్తూ అలాగే నిలబడింది. అన్నీ ఈడ్చుకుపోయి గుంటలో వేసి నిప్పు పెట్టాను. తడి ఆకులు మండవు, పొగ పెట్టాయి. కాలిన గోనె వాసన లైన్లంతా నిండింది.

సాయంత్రం పొగ చూసి అందరూ పరిగెత్తుకొచ్చారు. తోపులో ఆకులు లేవు. నగ్నంగా బోదెలు, ఒక్కో బోదె నడినెత్తిన చుట్టుకుని ఉన్న మొవ్వ ఒక్కటే, ఈటెలాగా. నా చేతిలో కత్తి అలాగే ఉంది. నాన్న చెయ్యెత్తాడు.

"కొట్టు" అంది పెద్దమ్మ. "కొట్టి నాభం నేదు. శాంతి సెయ్యాల. అది అయ్యేదాకా ఆ గుంటడికి కూడు ముట్టించడం నేదు. ముట్టిస్తే అమ్మోరు ఆడి మీదకొస్తాది."

నెల్లూరాయన కూడా నవ్వలేదు. అందరూ అమ్మ వంక చూశారు. అమ్మ చెరకు దుమ్ముతో అలాగే వచ్చింది, తమ్ముణ్ణి చంకనేసుకుని. వాడి మూతి చుట్టూ నల్లటి చార ఇంకా ఉంది. అమ్మ తన బొటనవేలితో ఆ చార తుడిచి, వేలు చూసుకుంది. నా గౌను చూసింది. గుంటలో పొగ చూసింది. అప్పుడు వచ్చి నా చేతిలోంచి కత్తి తీసుకుంది. నన్నే కొడుతుందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి అమ్మ ఒక మొవ్వ నరికింది.

అక్కడే, నేల మీదే కూర్చుంది. మొవ్వని వేళ్ళతో మెల్లగా విప్పింది. చుట్టలోంచి చుట్ట. గాలి తగలని ఆకు, ఆకుపచ్చ కూడా ఇంకా రాలేదు, వెన్నరంగు. అడుగున తెల్లటి పొడి. గీత లేదు, మచ్చ లేదు. "నీళ్ళు" అంది అమ్మ. నేను తెచ్చాను. చిలకరించింది. గోలీలు, అన్నీ. దొర్లి, దొర్లి, అమ్మ ఒళ్ళోకి దూకాయి. నేను టింగ్ టింగ్ అన్నాను. ఎందుకన్నానో.

అమ్మ తుడవడానికి చెయ్యి వేసింది. అంత లేత ఆకు, తుడుపుకి ఆగుతుందా? ఈనె పొడుగునా పర్రుమని చిరిగింది. చిరుగు లేని ఆకు కావాలని ఎన్నాళ్ళు చూసిందో! చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. ఆడవాళ్ళు "అయ్యయ్యో" అన్నారు. అప్పటికే ఎవరో పక్కన గిన్నె పెట్టారు, అన్నం, ఉడకేసిన పప్పు. అమ్మ వడ్డించలేదు, తియ్యలేదు.

తమ్ముడు ఆగలేదు. చంకలోంచి జారి, గిన్నెలో రెండు చేతులూ పెట్టేశాడు. పిడికిలి నిండా అన్నం చిరిగిన ఆకు మీద ఒకసారి కొట్టి, ఆకుముక్కతో సహా నోట్లో కుక్కుకున్నాడు. మెతుకులు చెవుల దాకా పోయాయి. మింగి, ఇంకో పిడికిలి. అమ్మ ఒక్కసారిగా వాడి చెయ్యి పట్టుకుంది. ఆపుతుందనుకున్నాను. ఆకుముక్క తీసేసి, అన్నం చిదిపి, తన వేళ్ళతో పెట్టింది.

"మనందరికీ పథ్యం" అన్నాడు నెల్లూరాయన నెమ్మదిగా. "వాడికి మాత్రం లేదు, చూడండ్రా."

అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. నెత్తి మీద ఆకు పొట్టు దులుపుకోకుండానే, కాలు ఈడ్చుకుంటూ తన గదిలోకి పోయి తలుపేసుకుంది. శాపనార్థాలు పెడుతుందని అందరం చెవులొగ్గాం. చెక్కల పైనుంచి ముందు పొయ్యి ఊదిన చప్పుడు వచ్చింది.

తర్వాత చిటపట. చిట్, చిట్, చిటపటా.

ఆవాలు! ఆ వెనకాలే ఎండుమిరపకాయ ఘాటు, చెక్కల మీదుగా గది గదికీ దిగింది. అందరికీ ఒక్కసారే పొలమారింది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. ఒక్క మాట కూడా చెప్పకుండా పెద్దమ్మ అమ్మవారిని సాగనంపేసింది. తర్వాత పక్క గదిలో చిటపట, దాని పక్క గదిలో, చివర నెల్లూరాయన గదిలో. ఆ సాయంత్రం లైన్లలో మురిక్కాలవ కంపు లేదు. నేను రేకు పళ్ళెంలోనే తిన్నాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. మళ్ళీ వానలకి మళ్ళీ గీతలు పడ్డాయి. గీత కనబడిన ఆకునల్లా నేను నరికేదాన్ని, ఎవరూ అడ్డు రాలేదు. పెద్దమ్మని అడిగితే మాత్రం, "నువ్వు నరికినావని కాదే, అమ్మోరు తనే ఎల్లిపోనాది" అనేది. చచ్చేదాకా అదే మాట. చాలా ఏళ్ళ తర్వాత, సువాలో మా పెరడు చూసిన వ్యవసాయాఫీసు కుర్రాడు చెప్పాడు. అది బూజు జాతి తెగులట, నీటి తుంపర మీద ఎక్కి ఆకు నుంచి ఆకుకి పోతుందట. అంటే ఆ పసుపునీళ్ళ ముంతే దానికి ట్రాము. అది విని నాకు వచ్చిన కోపం ఎవరి మీద తీర్చుకోను? పెద్దమ్మ లేదు. అమ్మా లేదు. లైన్లు పీకేశారు. ఆ చోట ఇప్పుడు వరి వేస్తున్నారు. పోయి నిలబడినా ఏది కాలవో ఏది తోపో పోల్చుకోలేను.

మచ్చ ఆకంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. కానీ అంతకన్నా అసహ్యం, మూతి నల్లగా ఉన్న పిల్లాడి ముందు అన్నం గిన్నె మీద మూత పెట్టడం.

సాయంత్రం నేనే ఫోను చేశాను.

"ఆదివారం పెడుతున్నావా, ఆపుతున్నావా?"

"అక్కా, పత్తా లేకుండా ఎలా..."

"స్టీలు పళ్ళెంలో పెట్టు. అరచేతిలో పెట్టు. నేల మీద పెట్టు. నువ్వు చిరిగిన ఆకుతో సహా నమిలినవాడివి. నీకేమైంది? ఇంకా నా ప్రాణం తీస్తూనే ఉన్నావు."

"అమ్మ చెప్పేది, మొదటి ముద్ద ఆకులోనే..."

"అమ్మ చెప్పింది. అమ్మ చేసింది నేను చూశాను. ఉండు, పెట్టెయ్యకు."

తీగ లాక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయాను. మూకుడు పెట్టి నూనె పోశాను. కాగేదాకా వాడు "అక్కా? అక్కా, ఉన్నావా?" అంటూనే ఉన్నాడు. గుప్పెడు ఆవాలు వేసి, రిసీవరు మూకుడు దగ్గర పెట్టాను.

"ఏంటక్కా ఆ చప్పుడు? అక్కడ బారిష్ పడుతోందా?"

"కాదు. నీ మొదటి ముద్ద రోజు లైన్లన్నీ చేసిన చప్పుడు. విను."

మిరపకాయ తుంచి వేశాను. దగ్గొచ్చింది. అవతల వాడు ఎవర్నో ఊరుకోమని కసిరాడు.

"చప్పుడొస్తోందక్కా" అన్నాడు చివరికి. "వాసనే రావట్లేదు."